నలుగురిలో చెప్పుకునే మాట

తెలుగులో "నలుగురు" అన్న మాటకు అంకెతో సంబంధం తక్కువ. నలుగురూ ఏమనుకుంటారో అని వెనకాడతాం. నలుగురిలో తల ఎత్తుకోలేకపోయామని కుంగిపోతాం. ఆఖరికి మోయడానికి నలుగురైనా ఉండాలంటాం. కనబడని ఈ నలుగురూ మన జీవితానికి సాక్షులు, న్యాయాధిపతులు కూడాను. ఇంట్లో ఎవరికైనా మనసు చెదిరిందంటే మొదట తీసుకునే జాగ్రత్త ఆ సంగతి నలుగురికీ పొక్కకుండా చూడడం. వైద్యుడి మాట ఆ తరవాత. ఇంటి గుట్టు లంకకు చేటన్న సామెత మనకు ఉగ్గుపాలతోనే అలవాటు.

ఇటువంటి మనకు, మనోవ్యథతో ఉన్న ఏడెనిమిది మందిని ఒకచోట కూర్చోబెట్టి ఒకరి బాధను మరొకరి ఎదుట చెప్పించడమే చికిత్స అంటే వింతగా తోస్తుంది. దాన్నే గ్రూప్ థెరపీ అంటారు. ఈ వ్యాసంలో బృందచికిత్స అందాం. ఆ ఏడెనిమిది మందీ ముక్కూమొహం తెలియనివాళ్ళనీ, ఎవరింట్లో వాళ్ళు కూర్చుని కంప్యూటరు తెరమీద కలుసుకుంటారనీ అంటే మరీ వింత. కాని 2020 తరవాత ఈ పద్ధతి చాలా దేశాల్లో మామూలైపోయింది. కేవలం దీన్నే వృత్తిగా పెట్టుకున్న మనస్తత్వ నిపుణులు కూడా ఉన్నారు.

ఇది కరోనా కాలంలో పుట్టిన తాత్కాలిక ఏర్పాటని చాలామంది అభిప్రాయం. దీని వెనక నూట ఇరవై యేళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ప్రతి మలుపు దగ్గరా ఏదో ఒక కరువు కనిపిస్తుంది: చోటుకు కరువు, డబ్బుకు కరువు, వైద్యులకు కరువు. కరువు మనుషుల్ని ఒకచోటికి చేర్చింది. చేరినవాళ్ళు తమకు తెలియకుండానే ఒకరికొకరు మందయ్యారు. ఈ రెండో సంగతి గ్రహించినవాళ్ళ చేతుల్లో పద్ధతి నిలిచింది. మొదటిదాన్నే పట్టుకుని లెక్కలు వేసుకున్నవాళ్ళ చేతుల్లో అది ఉపన్యాసంగా మిగిలిపోయింది.

* * *

కథ మొదలైనది మనోవ్యాధితో కాదు, క్షయతో. 1905 జులైలో అమెరికాలోని బోస్టన్ నగరంలో జోసెఫ్ ప్రాట్ అనే వైద్యుడు క్షయరోగులకోసం ఒక "తరగతి" ప్రారంభించాడు. ఆ రోజుల్లో క్షయకు మందు లేదు. విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి, ఇవే వైద్యం. డబ్బున్నవాళ్ళు కొండలమీది శానటోరియాలకు వెళ్ళేవారు. ఇరుకు కొంపల్లో కాపురముండే కూలి జనానికి ఆ భాగ్యం లేదు. శానటోరియానికి పోలేనివాడి ఇంటినే శానటోరియంగా మార్చాలన్నది ప్రాట్ ఆలోచన. ఖర్చుకు ఆ ఊళ్ళోని ఇమ్మాన్యుయేల్ చర్చి ముందుకొచ్చింది. రోగులు డాబాలమీదా, వసారాల్లోనూ, పెరటి గుడారాల్లోనూ పడుకునేవారు. తమ జ్వరం, తిన్న తిండి, విశ్రాంతి తీసుకున్న సమయం రోజూ ఒక పుస్తకంలో రాసుకునేవారు. ఒక నర్సు ఇళ్ళకు వెళ్ళి చూసి వచ్చేది. వారానికొకసారి అందరూ ఆ పుస్తకాలతో ఒకచోట చేరేవారు.

ఒక్కొక్కరికీ చెప్పే జాగ్రత్తలు అందరికీ ఒకేసారి చెబితే సమయం కలిసివస్తుందన్నదే ప్రాట్ మొదటి ఉద్దేశం. కాని వారాలు గడిచేకొద్దీ ఆయనకు మరొకటి కనిపించింది. వేరు వేరు దేశాలనుంచి వలస వచ్చిన, వేరు వేరు మతాలకు చెందిన ఆ మనుషులను ఒకే జబ్బు చుట్టాలుగా చేసింది. బరువు పెరిగినవాణ్ణి చూసి పెరగనివాడు ధైర్యం తెచ్చుకునేవాడు. వైద్యుడి మాటకన్నా పక్క కుర్చీలోని రోగి మాటే ఎక్కువ పనిచేసేది. ప్రాట్ తరగతిలో సుమారు పాతికమందికి మించి చేర్చుకోలేదు. అంతకు మించితే ఒకరి సంగతి ఒకరికి తెలియదు. 1930 నాటికి ఆయన అదే పద్ధతిని బోస్టన్ డిస్పెన్సరీలో, శరీరంలో రోగం కనబడకపోయినా బాధపడుతూ ఉండేవాళ్ళకోసం అమలుచేశాడు. బృందచికిత్స ఊపిరితిత్తులనుంచి మనసుకు చేరింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ తొలి బృందంలో చికిత్స జరిగిన చోటు ఎక్కువ భాగం రోగి ఇల్లే. అందరూ కలిసేది వారానికొక్కసారి. "ఇంటివద్ద చికిత్స, దూరాన ఉన్న బృందం" అన్న ఊహ ఇంటర్నెట్టుతో వచ్చిందేమీ కాదు.

* * *

రెండో కరువు యుద్ధం తెచ్చింది. ఈలోగా 1932లో జాకబ్ మొరీనో "గ్రూప్ సైకోథెరపీ" అన్న పేరును ప్రచారంలోకి తెచ్చాడు. 1942లో శామ్యూల్ స్లావ్సన్ చొరవతో అమెరికాలో బృందచికిత్సకుల సంఘం ఏర్పడింది. అదే కాలంలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ దగ్గర నార్త్‌ఫీల్డ్ సైనిక ఆసుపత్రి, యుద్ధంలో మనసు విరిగిన సైనికులతో నిండిపోయింది. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి మాట్లాడడానికి కావలసినంతమంది మానసిక వైద్యులు లేరు.

అక్కడ 1942-43 చలికాలంలో ఒక ప్రయోగం చేసినవాడు విల్ఫ్రెడ్ బయాన్. ఈయన పుట్టింది మన మథురలో, 1897లో. ఎనిమిదేళ్ళ వయసులో చదువుకని ఇంగ్లండుకు పంపేస్తే, మొదటి ప్రపంచయుద్ధంలో టాంకుల దళంలో పనిచేసి, ఆ తరవాత వైద్యుడయ్యాడు. బయాన్ తన సహచరుడు జాన్ రిక్‌మన్‌తో కలిసి సైనికులకు ఒక కొత్త బాధ్యత అప్పగించాడు: తమ బృందంలో ఏం జరుగుతోందో తామే గమనించడం. ఆజ్ఞలకు అలవాటుపడ్డ సైన్యంలో ఇది చెల్లుతుందా? ఆరు వారాల్లో ప్రయోగాన్ని ఆపించేశారు. ఆ అనుభవమే తరవాత ఆయన రాసిన "ఎక్స్‌పీరియన్సెస్ ఇన్ గ్రూప్స్" (1961) అనే పుస్తకానికి బీజం.

1943లో అదే ఆసుపత్రికి వచ్చిన ఫూక్స్, హిట్లర్ జర్మనీనుంచి 1933లో బయటపడ్డ యూదు వైద్యుడు. పేరును ఇంగ్లీషు నాలుకకు అనువుగా ఫౌక్స్ అని మార్చుకున్నాడు. నార్త్‌ఫీల్డ్‌కు రాకముందే, ఎక్సెటర్ పట్నంలో తన వెయిటింగ్ రూములో ఎవరికివారుగా కూర్చుని ఉండే రోగులను ఒకచోట చేర్చి మాట్లాడించి చూశాడు. బయాన్‌లా ఆయన సైన్యంతో తలపడలేదు. ఓపిగ్గా వార్డు వెంట వార్డు అల్లుకుంటూ పోయాడు. 1952లో లండన్‌లో గ్రూప్ ఎనలిటిక్ సొసైటీని స్థాపించాడు.

ఫౌక్స్ మనకు వదిలిన వాటిలో చాలా విలువైనది పైకి చాలా అల్పంగా కనిపిస్తుంది. కుర్చీలు గుండ్రంగా వెయ్యడం, ఎంతమంది వస్తే అన్ని కుర్చీలే వెయ్యడం, మధ్యలో చిన్న బల్ల పెట్టడం, వేళకు తలుపు తియ్యడం, వేళకు ముయ్యడం, రానివాళ్ళ కబురు బృందానికి చెప్పడం - ఇవన్నీ గుమాస్తా పనులు కావనీ, చికిత్సలో భాగమేననీ ఆయన పట్టుబట్టాడు. గది భద్రంగా ఉంటేనే మాట బయటికి వస్తుంది. ఆ గదికి కావలివాడు చికిత్సకుడు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకుంటే ముందు చెప్పబోయేది సులువుగా బోధపడుతుంది.

* * *

మూడో కరువు దూరం. అమెరికా నడిమధ్యన ఉన్న నెబ్రాస్కా రాష్ట్రంలో పొలాలు ఎక్కువ, మనుషులు తక్కువ, మానసిక వైద్యులు మరీ తక్కువ. 1959లో ఓమాహా నగరంలోని నెబ్రాస్కా సైకియాట్రిక్ ఇన్‌స్టిట్యూట్‌లో సెసిల్ విట్సన్ అనే వైద్యుడు, ఇటువాళ్ళు అటూ అటువాళ్ళు ఇటూ కనబడే టెలివిజన్ ఏర్పాటు చేయించాడు. చికిత్సకుడు ఒక గదిలో, రోగుల బృందం మరో గదిలో. ఎదుటే ఉండి నడిపిన బృందాలతో పోల్చి చూస్తే పెద్ద తేడా కనబడలేదని విట్సన్, ఆయన సహచరులు 1961లో ప్రకటించారు. 1964లో అదే సంస్థకూ, 112 మైళ్ళ దూరంలోని నార్‌ఫోక్ ప్రభుత్వ మానసిక వైద్యశాలకూ మధ్య టెలివిజన్ బంధం ఏర్పడింది.

తెరమీద మానసిక వైద్యం అనగానే ఒక డాక్టరు, ఒక రోగి మనకు తడతారు. ఆ చరిత్ర తొలిపుటల్లోనే ఉన్నది ఒక బృందం! మనిషి చంద్రుడిమీద కాలు పెట్టడానికి పదేళ్ళ ముందే తెరమీద బృందచికిత్స జరిగింది. "టెలిసైకియాట్రీ" అన్న మాట అచ్చులోకి వచ్చింది ఆ తరవాత ఎన్నో యేళ్ళకు, 1973లో.

అయినా అది వ్యాపించలేదు. యంత్రాల ఖర్చు మోయలేనిది. 1990లలో ఇంటర్నెట్టు వచ్చాక దారి మళ్ళీ తెరుచుకుంది కాని, ఈసారి ముఖం లేదు, రాత మాత్రమే ఉంది. పేరు, ఊరు లేని రాతలో మనిషి తన గుండెను ఎంత త్వరగా విప్పుతాడో, ఎదుటివాణ్ణి అంతే త్వరగా గాయపరుస్తాడనీ అప్పుడే తెలిసింది. జాన్ సూలర్ అనే మనస్తత్వవేత్త 2004లో ఈ రెండు ముఖాలనూ కలిపి వివరించాడు. ముసుగు వేసుకున్నవాడు నిజమూ చెబుతాడు, రాయీ విసురుతాడు. బృందానికి కావలి ఎందుకు అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

మరోపక్క 1970లో అర్విన్ యాలమ్ ప్రచురించిన బృందచికిత్స గ్రంథం ఈ రంగంలో పాఠ్యపుస్తకమైంది. బృందం ఎలా మేలు చేస్తుందో ఆయన పదకొండు అంశాలుగా విడదీసి చెప్పాడు. ఎదుటివాణ్ణి చూసి ఆశ చిక్కడం వాటిలో ఒకటి. తాను మరొకరికి పనికొచ్చానన్న తృప్తి ఇంకొకటి. నావరకు అన్నిటికన్నా గొప్పదనిపించేది, ఈ బాధ నా ఒక్కడిదే కాదన్న ఎరుక. ఎవరికీ చెప్పుకోలేక దాచుకున్న సిగ్గు పక్కవాడి నోటివెంట వినబడిన క్షణంలో, మనం భయపడుతూ వచ్చిన ఆ "నలుగురు" న్యాయాధిపతుల పీఠం దిగి మన పక్కన కూర్చుంటారు.

* * *

నాలుగో కరువు 2020లో వచ్చింది. ఈసారి గదికే కరువు. గుండ్రంగా కూర్చోవడమే ప్రమాదమైపోయింది. ప్రపంచమంతటా బృందచికిత్సకులు కొద్ది వారాల్లో తెరమీదికి మారారు. మన దేశంలో లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25 తేదీతోనే కేంద్ర ప్రభుత్వం టెలిమెడిసిన్ మార్గదర్శకాలను వెలువరించింది. ఫోన్లోనూ వీడియోలోనూ వైద్యం చెయ్యవచ్చో లేదో స్పష్టంగా తెలియని వైద్యులకు అవి ఆధారమయ్యాయి. యాలమ్, మోలిన్ లెష్ కలిసి 2020 చివర తెచ్చిన ఆరో కూర్పులో ఆన్‌లైన్ బృందాలకు ఒక ప్రత్యేక అధ్యాయమే చేరింది.

తెరమీద ఏం పోయింది? వలయం పోయింది. నలుచదరపు గడుల్లో ముఖాలుంటాయి, ఒక్కొక్కరి తెరమీద ఒక్కొక్క వరసలో. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్న మాటకు అర్థం లేదు. ఎవరు ఎవరివంక చూస్తున్నారో తెలియదు. తన ముఖం తనకే కనబడుతూ ఉంటుంది. కాలు ఊపడం, చెయ్యి బిగించడం కనబడవు. ఈ విషయాలమీద చాలా కాలంగా రాస్తున్న హైమ్ వైన్‌బర్గ్ మరొక పెద్ద మార్పును ఎత్తిచూపాడు: గదిమీద అధికారం చికిత్సకుడి చేతినుంచి జారిపోయి, బృందంలోని ఒక్కొక్కరి చేతికీ వెళ్ళింది. ఫౌక్స్ వేసిన కుర్చీలు ఇప్పుడు ఎవరింట్లో వాళ్ళు వేసుకోవాలి. తలుపు ఎవరిది వాళ్ళు మూసుకోవాలి.

అందుకే ఆన్‌లైన్‌లో బృందం మొదలుపెట్టేవారి పనిలో సగం మొదటి సమావేశానికి ముందే జరుగుతుంది. చేరదలచిన ప్రతి ఒక్కరితోనూ విడిగా మాట్లాడి, ఈ బృందం వాళ్ళకు తగునో తగదో తేల్చుకోవాలి. ఆత్మహత్య అంచున ఉన్నవారిని, కొట్టేవాడితో ఒకే కప్పు కింద బతికేవారిని ముందు వేరే సహాయానికి చేర్చాలి. ప్రతి సమావేశానికీ ఎవరు ఏ ఊరినుంచి, ఏ చిరునామానుంచి మాట్లాడుతున్నారో, అవసరపడితే దగ్గర్లో ఎవరిని పిలవాలో రాసిపెట్టుకోవాలి. ప్రాట్ పంపిన నర్సుకు ఆ ఇళ్ళు తెలుసు. తెరముందు కూర్చున్న చికిత్సకుడికి తెలియవు కనుక అడిగి తెలుసుకోవాలి. చెవులకు ఇయర్‌ఫోన్లు, మూసిన తలుపు, రికార్డు చెయ్యమన్న మాట, కారు నడుపుతూ చేరకూడదన్న నియమం, నెట్ తెగిపోతే ఏం చెయ్యాలన్న ఒప్పందం - ఇవన్నీ నేటి కుర్చీలూ బల్లలూను.

పెరగడం సంగతి మరింత సున్నితం. ఒకే గంటన్నరలో ఎనిమిది మంది ఉంటే ఒక్కొక్కరికీ ఖర్చు తగ్గుతుంది, చికిత్సకుడికి రాబడీ పెరుగుతుంది. ఇందులో తప్పులేదు; ఈ లెక్కే బీదవాళ్ళకు తలుపు తెరిచింది. కాని తెరకు గోడలు లేవు. ఎనిమిది గడులున్నచోట ఎనభై గడులూ పడతాయి. యాలమ్ ఏడెనిమిది మందిని మేలైన సంఖ్య అన్నాడు, పదికి మించవద్దన్నాడు. అంతకు మించితే మాట్లాడేవాళ్ళు కొందరు, ప్రేక్షకులు కొందరు అవుతారు. ఈ వృత్తిలో ఎదగడమంటే రెండో బృందం పెట్టడం, మూడోదానికి మరొకరిని తయారుచెయ్యడం. ఉన్న బృందాన్ని ఉబ్బించడం ఎదుగుదల అనిపించుకోదు.

* * *

ఇక మన సంగతి. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే (2015-16) 12 రాష్ట్రాల్లో జరిగింది. తెలుగు రాష్ట్రాలు రెండూ అందులో లేవు. జబ్బునుబట్టి నూటికి 70నుంచి 92 మంది దాకా చికిత్సకు దూరంగా ఉన్నారని ఆ సర్వే తేల్చింది. కారణాల్లో వైద్యుల కొరత ఒకటి, సిగ్గు మరొకటి. హైదరాబాదులో "ఎర్రగడ్డకు పంపాలి వీణ్ణి" అన్నది ఎన్ని తరాలుగానో వెక్కిరింత. ఆ గేటు దగ్గర తెలిసినవాళ్ళ కంటపడతామేమోనన్న భయం జబ్బుకన్నా పెద్దది. తెరమీది బృందం ఆ గేటును దాటిస్తుంది. చిన్న ఊళ్ళో ఉన్నవాళ్ళకు ప్రయాణమూ తప్పుతుంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ 14416 నంబరుతో ఫోన్లో సహాయం అందిస్తోంది. అది ఒకరితో ఒకరు మాట్లాడే ఏర్పాటు. బృందం దాని తరవాతి మెట్టు కావచ్చు.

మనకు బృందం కొత్తా అంటే కాదు. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్, రోగుల బంధువులను ఆసుపత్రి ఆవరణలోనే గుడారాల్లో ఉంచి, అందరినీ కూర్చోబెట్టి మాట్లాడేవారు. పురాణ కథల సాయంతో జబ్బు సంగతి వివరించేవారు. వెల్లూరులో 1957లో మొదలైన మానసిక ఆరోగ్య కేంద్రంలో కూడా కుటుంబం రోగితోపాటు ఉండేది. పశ్చిమదేశాల్లో బృందమంటే అపరిచితులు. మన దగ్గర తొలి బృందంలో కుటుంబం ఉంది.

సరిగ్గా ఇక్కడే చిక్కు కూడా ఉంది. అమృత్‌సర్ గుడారంలో అండగా నిలిచిన కుటుంబమే, తెరమీది బృందం దగ్గరకొచ్చేసరికి తలుపు వెనక చెవి అవుతుంది. రెండు గదుల ఇంట్లో అత్తమామలతో కాపురం చేసే కోడలు గంటన్నరసేపు తలుపు మూసుకుని ఎవరితోనో మాట్లాడగలదా? మాట్లాడినా, మూసిన తలుపే నలుగురికీ ప్రశ్న కాదా? దాబామీదికి పోయి, ఆగివున్న కారులో కూర్చుని చేరేవాళ్ళున్నారంటే ఆశ్చర్యం లేదు. ప్రాట్ రోగులకు డాబా గాలికోసం. వీళ్ళకు మాటకోసం.

రెండో చిక్కు చట్టానిది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి రహస్యాలను కాపాడే బాధ్యతను వైద్యంలో పాలుపంచుకునే వృత్తినిపుణులమీద పెట్టింది. బృందంలోని తోటి సభ్యుడిమీద అటువంటి కట్టుబాటు లేదు. అతణ్ణి కట్టి ఉంచేది అతనిచ్చిన మాట ఒక్కటే. ఎదురుగా కూర్చున్నప్పుడు ఆ మాటకు కళ్ళు సాక్షి. తెరమీద, ఒక్క వేలి తాకిడితో ఎదుటివారి ముఖం ఫోటోగా మారగల చోట, ఆ మాట బరువు ఇంకా పెరిగింది. అమెరికాలో ఉన్న తెలుగువారికి మరో ముడి. హైదరాబాదునుంచి తెలుగులో బృందం నడపడం యంత్రానికి సులువే కాని, రోగి ఏ రాష్ట్రంలో కూర్చున్నాడో సాధారణంగా ఆ రాష్ట్రపు లైసెన్సే అక్కడ చెల్లుతుంది. 2020లో అమలులోకి వచ్చిన రాష్ట్రాల మధ్య ఒప్పందం కూడా అక్కడి మనస్తత్వ నిపుణులకోసమే. అమ్మభాషలో ఏడవాలనుకునేవాడికి సరిహద్దు అడ్డం.

ఈ చిక్కులకు యంత్రం దగ్గర జవాబు లేదు. బోస్టన్ తరగతిలోనైనా, నార్త్‌ఫీల్డ్ వార్డులోనైనా, ఓమాహా టెలివిజన్ గదిలోనైనా జవాబు ఒక్కటే: ఎవరో ఒకరు గదికి కావలి కాయడం, మిగతావాళ్ళు ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం. మన సమాజంలో బృందచికిత్స వేళ్ళూనుతుందా లేదా అన్నది నెట్ వేగంమీద ఆధారపడి లేదు. విన్న మాటను నలుగురికీ చేరవెయ్యకుండా ఉండగల ఏడుగురు మనకు దొరుకుతారా అన్నదానిమీద ఉంది. దొరుకుతారనే నా నమ్మకం. గుట్టు దాచడం మనకు తరతరాల విద్య. ఇంతకాలమూ మన గుట్టే దాచుకున్నాం. ఎదుటివాడి గుట్టు దాచడం నేర్చుకోవలసి ఉంది.